గోడ దాటిన అరటి

మా పెరట్లో నూతి పళ్లెం పక్కన, అంట్లు తోమిన నీళ్లు పారే చోట, 12 ఏళ్ల కిందట మామ్మ దగ్గరుండి ఒక కర్పూర చక్కెరకేళి పిలక పాతించింది. ఇప్పుడా అరటి నూతి దగ్గర లేదు. పదడుగుల అవతల ప్రహరీ గోడని ఆనుకుని ఉంది. మధ్యలో దాన్ని ఎవరూ తవ్వి మార్చలేదు. మామ్మ పోయి ఆరేళ్లయింది. అరటి మాత్రం ఏడాదికి జానెడు చొప్పున, ఎవరికీ చెప్పకుండా నడిచి వెళ్లింది.

నడక అన్న మాట ముచ్చటకి వాడింది కాదు. అరటిలో మన కంటికి కనబడేదంతా పైపైది. అసలు మొక్క నేల కింద ఉండే దుంప. దాని పక్కనుంచి పిలక లేస్తుంది. పిలక అడుగున మళ్లీ ఓ దుంప కడుతుంది. తల్లి గెల వేసి పోతుంది, పిలక ఆ చోటికి వస్తుంది. చోటు అంటే సరిగ్గా అదే చోటు కాదు, కాస్త పక్కన. అలా తరం మీద తరం జరుగుతూ పోతుంది. ఎటు జరగాలన్నది సగం అరటి తేల్చుకుంది, సగం మామ్మ తేల్చింది. ఎండుటాకులు నూతిలో పడతాయని ఆవిడ నూతి వైపు లేచిన పిలకని ఒక్కదాన్నీ బతకనిచ్చేది కాదు. ఇక మిగిలింది గోడవైపు దారే.

మొన్న శ్రావణంలో గెల దింపాక తల్లి మానుని నేనే నరికాను. మాను అన్నాను గానీ, ఆ మాట ఎంత తప్పో కత్తి దిగగానే తెలుస్తుంది. కర్రకి కత్తి తగిలితే చేతికి ఎదురుదెబ్బ వస్తుంది. దీనికి ఎదురే లేదు. తడి గుడ్డలోకి దిగినట్టు చవుక్కున దిగిపోయింది. నరికిన మొహం మీద చుట్టూ చుట్లు కనబడ్డాయి. టేకు దుంగలో అయితే ఆ చుట్లు వయసు చెబుతాయి. ఇక్కడివి అసలు చుట్లే కావు, నెలవంకలు. ఒక్కో నెలవంకా ఒక్కో ఆకు మొదలు. మధ్యన మందంగా, అంచులకి పోయేకొద్దీ పల్చగా, ఒకదాని అంచు ఇంకోదాని వీపు మీదుగా సాగి, దాన్ని మరొకటి చుట్టుకుని. ఏ ఒక్కటీ విడిగా నిలబడలేదు. వేలితో నొక్కితే నీళ్లూరాయి. ఆ బోదెలో నూటికి 90 పాళ్లకి పైగా నీళ్లే. ఒక్కో నెలవంకని దగ్గరికి తీసుకుని చూస్తే లోపల తెల్లటి సన్నని అడ్డుగోడలు, మధ్యన ఖాళీ గదులు, గదుల్లో గాలి. ఎంత బరువుకి ఎంత సరుకు వాడాలో తెలిసిన మేస్త్రీ కట్టినట్టుంటుంది. ఎనిమిదడుగుల ఎత్తున, నెత్తి మీద ఇరవై కిలోల గెలతో నిలబడ్డ ఆ నిర్మాణంలో చారెడు కలప లేదు.

అందుకే వృక్షశాస్త్రం అరటిని చెట్ల లెక్కలో వేయదు, గుల్మం అంటుంది. ఎన్నేళ్లయినా బతికే గుల్మాల్లో దీనిదే ఎత్తు. న్యూగినీ కొండల మీద పెరిగే దీని అడవి చుట్టం ఒకటి 15 మీటర్ల దాకా బోదె కడుతుందట, అంటే నాలుగంతస్తుల మేడంత. మన పాతవాళ్ల లెక్క వేరేలా ఉంది గానీ చేరిన చోటు అదే. పండు పండగానే వాడి పోయేదాన్ని వాళ్లు ఓషధి అన్నారు. అమరకోశంలో అరటికి కదళి, రంభ, మోచ అన్న పేర్లతోపాటు వారణబుస అన్నది కూడా ఉంది. ఏనుగులు నమిలే పొట్టు అని. బోదెని ఒక్కసారి అడ్డంగా కోసి చూసినవాళ్లకి ఆ పేరు ఎంత నిజమో తెలుస్తుంది.

నరికిన మొహం నట్టనడుమ మాత్రం ఒకటి వేరేగా ఉంటుంది. మణికట్టంత లావున, నున్నగా, పాలరాతిలా తెల్లటి కడ్డీ. అదే దూట. కొందరు దవ్వ అంటారు, ఊచ అంటారు. నేల పైన అరటికి కాండం అనదగ్గది అదొక్కటే. అదీ జీవితంలో ఒక్కసారే పుడుతుంది.

అరటిలో నాకు అన్నిటికంటే పెద్ద వింతగా తోచేది ఈ దూట కథే. పిలక వేసిన నాటి నుంచి ఏడెనిమిది నెలల పాటు మొక్క పెరుగుతూనే ఉంటుంది. మనిషి ఎత్తు దాటుతుంది, వసారా చూరు దాటుతుంది. కానీ పెరిగే మొన మాత్రం అన్నాళ్లూ నేలమట్టం దగ్గరే, దుంప నెత్తిన కూర్చుని ఉంటుంది. అక్కడినుంచి ఒక్కో ఆకునీ పైకి తోస్తుంది. ప్రతి కొత్త ఆకూ పాత ఆకుల మధ్యనున్న గొట్టంలో అడుగునుంచి పై దాకా ప్రయాణం చేసి బయటపడాలి. అలా 30 నుంచి 40 ఆకులయ్యాక ఒకరోజు, బయట ఎవరికీ తెలియకుండా, ఆ మొన ఆకులు చేయడం మానేసి పువ్వు చేయడం మొదలెడుతుంది. అప్పుడు పుడుతుంది దూట. ఆకుల గొట్టం మధ్యనుంచి, చీకట్లో, ఎనిమిది పదడుగులు ఎక్కి పైన తల బయటపెడుతుంది. పెట్టీ పెట్టగానే తల వంచేస్తుంది.

ఆ రాక కనిపెట్టడానికి ఒక గుర్తుంది. చివరి ఆకులు పోనుపోనూ పొట్టివవుతాయి. ఆఖర్న మిగతావాటిలో సగం కూడా లేని చిన్న ఆకొకటి వస్తుంది. మా పెరడు చూసే తాత కింద నిలబడి మెడ ఎత్తి, "ఆయ్, చిన్నాకొచ్చేసిందండి బాబూ, వెదురు గెడ చూసుకోండింక" అనేవాడు. గెల పడ్డాక ఊతం ఇవ్వకపోతే ఏ రాత్రో గాలికి నిలువునా ఒరిగిపోతుంది మరి.

ఆకు విప్పుకోవడం చూడాలంటే వానాకాలం మంచిది. మొవ్వులోంచి కొత్త ఆకు లంక పొగాకు చుట్టలా బిగించి పైకొస్తుంది. ఒకసారి సరదాకి గోడ మీద బొగ్గుతో గీత పెట్టాను. తెల్లారేసరికి చుట్ట మొన గీతకి నాలుగు వేళ్లు పైన ఉంది. తర్వాత రెండు రోజులకి పై కొస నుంచి వదులవడం మొదలై, ఒక అంచు జారి, గరాటులా తెరుచుకుని, ఆ గరాటు నిండా వాన నీళ్లు పట్టుకుని, బరువుకి ఒక్కసారి వంగి కుమ్మరించేసింది. ఆ పూట ఆ ఆకు రంగుకి తెలుగులో చిలకపచ్చ అన్న మాట ఉంది గానీ చిలకలో కూడా అంత లేత లేదు. దాని కింద నిలబడి పైకి చూస్తే ఎండ ఆకుపచ్చగా వడకట్టి మొహం మీద పడుతుంది. మా పెరట్లో దీపం పెట్టిన గది అంటూ ఉంటే అదే.

నిండు ఎండలో చూస్తే ఈనెకి రెండు వైపులా ఉన్న రెక్కలు కిందకి వాలి, ఆకు ఇంటి కప్పులా అయిపోతుంది. వాడిందనుకుంటాం. వాడలేదు, ఎండకి ఒళ్లు తక్కువ చూపిస్తోంది. ఈనె పక్కన సన్నని పట్టీలు రెండున్నాయి, మడత బందుల్లా. పొద్దు వాలగానే మళ్లీ పరుచుకుంటుంది. మర్నాడు తెల్లవారుఝామున ఆకు అంచుల వెంబడి వరసగా నీటి బొట్లుంటాయి. మంచు అని తుడిచేస్తాం. అందులో కొంత మంచు కాదు, రాత్రి వేళ్లు తోడిన నీళ్లు ఎక్కువై ఆకే బయటికి వదిలింది.

అరిటాకు, ముల్లు సామెత తెలియని తెలుగువాడు ఉండడు. ఎవరు ఎవరి మీద పడ్డా నష్టం అరిటాకుకే. ముల్లు సంగతి సరే, గాలి సంగతికొస్తే మాత్రం ఆ సామెత చెల్లదు. కొత్త ఆకు చిరగకుండా ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత ఈనె నుంచి అంచు దాకా దువ్వెన పళ్లలా చీలిపోతుంది. చూడ్డానికి పాడైపోయినట్టుంటుంది. నిజానికి నరాలన్నీ అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి సాగడం వల్ల చీలిక రెండు నరాల మధ్యనుంచి శుభ్రంగా పోతుంది, ఏ నరమూ తెగదు. ఏ పీలికకి ఆ పీలిక తన నీళ్లు తాను తెచ్చుకుంటూ బతుకుతుంది. అంత వెడల్పాటి ఆకు తెరచాపలా గాలికి ఎదురు నిలిస్తే బోదె విరుగుతుంది. చిరిగితే గాలి సందుల్లోంచి పోతుంది. పైగా సన్నటి పీలికలు ఎండ వేడిని వెడల్పాటి రేకు కంటే తొందరగా వదిలించుకుంటాయని శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చూపించారు. చిరగడానికే తయారైన ఆకు అది. విస్తరి కోసం కోయాలనుకునేవాళ్లకి తప్ప దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఆ చిరుగుల మీద మనసు పడ్డ కవి ఒకాయన జపాన్‌లో ఉన్నాడు. 1681లో శిష్యుడొకరు ఆయన గుడిసె ముందు అరటి పిలక నాటాడు. అక్కడి చలికి అది కాయ కాసేది కాదు. బోదె దేనికీ పనికిరాదు. గాలికి చిరిగే ఆ ఆకుల కోసమే ఆయన దాన్ని పెంచుకున్నాడు. చివరికి తన కలం పేరే అరటి అని మార్చుకున్నాడు. జపాన్ భాషలో బషో అంటే అరటే. హైకూ రాసేవాళ్లందరికీ పెద్దదిక్కు అయిన బషో ఆయనే. ఆ జపాన్ అరటిని ఇవాళ ఇంగ్లండ్‌లో కూడా తోటల అందం కోసం వేస్తున్నారు. చలికాలం బోదెకి గడ్డి చుట్టి కప్పెడతారు. పైన అంతా మాడిపోయినా వసంతంలో దుంప నుంచి మళ్లీ లేస్తుంది. 1736లో హాలండ్‌లో ఓ ధనవంతుడి అద్దాల ఇంట్లో అరటి పూస్తే అది ఎంత పెద్ద వార్తంటే, మొక్కలకి పేర్లు పెట్టిన లిన్నేయస్ దాని మీద ఏకంగా ఓ పుస్తకం రాశాడు. అంట్ల నీళ్లతో ఎడాపెడా గెలలు దించుకునే మనకి ఆ వేడుక అర్థం కాదు. పండు, ఆకు, కూర తప్ప అరటిని రూపం కోసం చూడటం మనకి అలవాటు లేదు. పెళ్లి పందిరి గుంజకి కట్టినప్పుడు తప్ప. అప్పుడు కూడా గెల ఎంతుందనే చూస్తాం.

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమని తుఫాను తుడిచిపెట్టినప్పుడు నేను చిన్నవాణ్ని. వెయ్యిమందికి పైగా పోయారు ఆ తుఫానులో. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు తలలు తెగి నిలబడి ఉన్నాయి, అరటి తోటలు చాప పరిచినట్టు పడుకుని ఉన్నాయి. కొబ్బరికి ప్రాణమంతా నెత్తిన ఉన్న ఒక్క మొవ్వులో ఉంటుంది. అది పోతే చెట్టు పోయినట్టే. మళ్లీ నాటి కాపుకి రావాలంటే ఏళ్లు. అరటి ప్రాణం నేలమట్టాన దాక్కుని ఉంది. పెద్దవాళ్లు కత్తులు పట్టుకుని పడిన లేత బోదెల్ని అడుగు ఎత్తున కోసుకుంటూ పోయారు. పిల్లలం, మాకు ఆ దుఃఖం అప్పుడు తెలియలేదు. మేం చేసిన పనల్లా కోసిన మొద్దుల పక్కన కూర్చోవడం. చదునుగా కోసిన మొహం నడుమనుంచి తెల్లటి చుట్ట ఒకటి మెల్లగా పైకి తోసుకొస్తుంది. పొద్దున కోస్తే సాయంత్రానికి బెత్తెడు. ఎవరి మొద్దు ముందు లేస్తుందో అని పందేలు వేసుకున్నాం. అప్పటికే గెల తొడిగిన వాటిలో మాత్రం ఏమీ లేవలేదు. అందులో మొన పైకి ఎక్కిపోయింది కదా, దాంతోపాటే విరిగిపోయింది. వాటి పక్కన పిలకలు లేచాయి. మరుసటి ఏటికి ఆ లంకల్లో అరటి గెలలున్నాయి.

పువ్వు తెరుచుకునేది ఎక్కువగా చీకటి పడ్డాకే. టార్చి వేసుకుని కూర్చుంటే చూడొచ్చు. వంకాయ రంగు పొర ఒకటి మెల్లగా వీడి, పైకి లేచి, వెనక్కి చుట్టుకుంటుంది. దాని కింద రెండు వరసల్లో పసుప్పచ్చటి పూలు. ఆ పూల వెనకే వేలంత పిందెలు సిద్ధంగా ఉంటాయి. అదో అత్తం. మర్నాడు ఇంకో పొర, ఇంకో అత్తం. పది దాటాక పిందెలు లేని మగపూలు మొదలవుతాయి, పువ్వు కిందకి సాగిపోతూనే ఉంటుంది. మొదట నేల చూస్తున్న పిందెలు రోజులు గడిచేకొద్దీ ఆకాశం వైపు తిరుగుతాయి. అరటిపండుకి ఆ వంపు అలా వచ్చిందే, కిందకి వేలాడదీస్తే పైకి పెరగబోయి.

అడవి అరటికి గబ్బిలాలు పుప్పొడి మోస్తాయి. రాత్రి తెరుచుకోవడం, అంత తేనె కార్చడం వాటి కోసమే. మా పెరటి అరటికి ఆ అవసరం లేదు. పుప్పొడి అందకపోయినా కాయ ఊరుతుంది, గింజ కట్టదు. పండులో కనబడే నల్ల చుక్కలు ఒకప్పటి గింజల గుర్తులు. అయినా పొద్దుగూకగానే తేనె కారుస్తూనే ఉంటుంది, గబ్బిలాలు వస్తూనే ఉంటాయి, పొద్దున్నే తేనెపిట్టలూ ఉడతలూ వాటాకి వస్తూనే ఉంటాయి. మనుషులు వేల ఏళ్లుగా పిలకల మీదే పెంచినా దానికి ఆ మర్యాద పోలేదు.

గింజ లేదు గనక మరో మాట కూడా చెప్పుకోవాలి. తల్లి, పిల్ల అంటున్నాం గానీ పిలక బిడ్డ కాదు. అదే మొక్క మళ్లీ. రెండు అడవి జాతులు ఎప్పుడో కలిసి పుట్టిన సంతతి మన అరటి. కర్పూర చక్కెరకేళిలో రెండు పాళ్లు ఒక జాతి, ఒక పాలు రెండోది. కూరకి వాడే బొంతలో ఆ పాళ్లు తారుమారు. అలా ఎక్కడో పుట్టిన ఒక్క మొక్క, పిలకగా చేతులు మారుతూ, గోదావరి లంకలన్నీ నడిచి మా నూతి దగ్గరికొచ్చింది. అందులో ప్రమాదమూ ఉంది. అంతా ఒకే మొక్క అయితే ఒక్క తెగులు చాలు. మామ్మకి ముందు ఇష్టమైంది అమృతపాణి. దానికి పనామా తెగులు తగిలి ఆకులు పండుబారి, కాడ దగ్గర విరిగి, బోదె చుట్టూ పావడా కట్టినట్టు వేలాడాయి. బోదె మొదట్లో నిలువునా పగిలింది. ఆ తెగులు తెచ్చే బూజు మట్టిలో దశాబ్దాలు దాక్కుంటుంది. ఆ మూలన మళ్లీ అరటి వేయనివ్వలేదావిడ. అమృతపాణి లాంటి రుచి ఇంకే పండుకీ రాదని మాత్రం పోయేదాకా అంటూనే ఉంది.

పెంచడంలో పెద్ద విద్య లేదు, ఒక్క పిలక ఎంపికలో తప్ప. చుట్టూ రెండు రకాల పిలకలు లేస్తాయి. ఒకటి వెడల్పాటి ఆకులతో పొట్టిగా, ముద్దుగా ఉంటుంది. రెండోది సూదిమొన ఆకులతో సన్నగా, పీనుగులా ఉంటుంది. కొత్తవాళ్లు మొదటిదే కోరుకుంటారు. అది తల్లితో బంధం తెగి, సొంతంగా బతకడానికి తొందరపడి ఆకు విప్పింది. దానికి చెప్పుకోదగ్గ దుంప ఉండదు. సూదిమొనది తల్లిని అంటిపెట్టుకుని అడుగున దుంప ఊరబెట్టుకుంటోంది, పైన ఆర్భాటం దానికి అక్కర్లేదు. మూడు నెలల సూదిమొన పిలక తెచ్చి, మూరెడు గోతిలో పశువుల ఎరువు వేసి, తొలకరిలో పాతితే చాలు. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు బూడిద వేస్తారు, పొటాష్ అంటే అరటికి ప్రాణం. గెల పడేదాకా లేచిన పిలకనల్లా కోసేసి, ఆ తర్వాత ఒక్కదాన్ని ఉంచాలి. నీళ్లు ఆరకూడదు, నిలవకూడదు. అంట్ల కాలవ ఆ రెండూ చూసుకుంటుంది.

కోసిన తల్లిని మేం పారేయం. పువ్వు వలిచి, ప్రతి చిన్న పువ్వులోంచి ఉడకని గట్టి కాడ తీసేయాలి. మా ఇంట్లో దాన్ని దొంగ అంటారు. వంద పూలకి వంద దొంగలు. పిల్లలకి అప్పగించే పని అది, గోళ్లు నల్లబడతాయి. చొక్కాకి అరటి కర అంటితే ఇక ఆ చొక్కా పెరటి పనికే. దూటని చక్రాలుగా తరిగేటప్పుడు చక్రానికీ చక్రానికీ మధ్య సాలెపట్టు లాంటి నార సాగుతుంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ తరిగి, మజ్జిగ నీళ్లలో వేసి, ఆవ పెట్టి కూర చేస్తారు. పైపట్టల్ని ఎండబెట్టి చీల్చిన నార పూలు కట్టడానికి. ఇక పచ్చి డొప్పలు కార్తికం దాకా ఆగాలి. అమావాస్య మర్నాడు, పోలి పాడ్యమి నాడు, చీకటి ఉండగానే ఆడవాళ్లు గోదావరికి వెళ్లి ఒక్కో డొప్పలో వత్తులు వెలిగించి వదులుతారు. వందల దీపాలు వరసగా పోతాయి. మునగవు. నెలవంకలోని ఆ గాలి గదులే వాటిని తేలుస్తాయి. ఇరవై కిలోల గెల మోసిన డొప్పకి ఆవునెయ్యి వత్తి ఒక లెక్కా?

ఈసారి శ్రావణంలో తల్లిని నరికాక పిలక కోసం చూస్తే మా వైపు ఒక్కటీ లేదు. వారం పది రోజులు చూశాను. చివరికి పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా కేక వేశారు.

"అబ్బాయ్, మీ అరటి మా ఇంటికొచ్చేసిందిరా."

వెళ్లి చూస్తే నిజమే. పాత ఇటుక గోడ, పునాది జానెడుకి మించదు. దాని కిందనుంచి దూరి అవతల మోకాలెత్తు పిలక లేచి ఉంది.

"తీయించేయమంటారా పిన్నిగారూ?"

"ఎందుకూ తీయించడం? సూదిమొనదే. ఉండనీ. ఆకులు కావాలంటే మీరూ కోసుకోండి, గెల మాత్రం మాది."

మామ్మ ఉంటే ఈ ఒప్పందానికి ఒప్పుకునేది కాదు. నేను దూట సంగతి అడుగుదామనుకుని కిందకి చూశాను. ఆవిడ అప్పటికే అంట్ల నీళ్ల కాలవ గట్టు తెగ్గొట్టి, నీళ్లు పిలక వైపు మళ్లించేశారు.